నీటి వంతెన ఎందుకు తెగుతుంది?

పిల్లలూ! పండక్కి ఇంట్లో లడ్డూలు చేస్తున్నప్పుడు మీరు వంటింట్లోకి తొంగి చూసే ఉంటారు. పొయ్యి మీద పంచదార పాకం కుతకుత ఉడుకుతూ ఉంటుంది. అమ్మ గరిటెతో కాస్త పాకం తీసి, చల్లార్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అద్ది, వేళ్ళు మెల్లిగా విడదీస్తుంది. మధ్య సన్నని తీగ సాగితే, "తీగపాకం వచ్చింది, ఇక దించవచ్చు" అంటుంది. సాగకుండా తెగిపోతే పాకం ఇంకా లేత అన్నమాట.

ఆ రెండు వేళ్ళ మధ్యా సాగినది ఏమిటి? ఆలోచిస్తే అది ఒక వంతెనే. ఒక ఒడ్డు బొటనవేలు, రెండో ఒడ్డు చూపుడువేలు. మధ్య ఉన్న వంతెనకు మాత్రం రాయీ లేదు, ఇనుమూ లేదు. అది ఒట్టి ద్రవం.

ఈ నెల మనం ఇలాంటి ద్రవపు వంతెనల సంగతి తెలుసుకుందాం. అవి ఎలా నిలుస్తాయి? ఎంత పొడవు దాకా నిలుస్తాయి? ఎందుకు తెగుతాయి? ఇది వేలి కొసన పట్టేటంత చిన్న విషయం. కాని మీరు ఇసుకలో కట్టే పిట్టగూడు నిలవటానికీ, ఒక పురుగు ఆకును వదలకుండా పట్టుకోవటానికీ, నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డ ఊపిరి తీయటానికీ కూడా ఈ చిన్న విషయంతో సంబంధం ఉంది.

వేళ్ళ మధ్య డమరుకం

పాకం కొంచెం చిక్కు వ్యవహారం. దాని సంగతి తరవాత చూద్దాం. ముందు మంచినీళ్ళతో మొదలు పెట్టండి. బొటనవేలూ చూపుడువేలూ నీళ్ళలో ముంచి, రెండింటి కొసలూ కలపండి. మధ్య ఒక బొట్టు నిలిచేటట్టు చూసుకోండి. చెయ్యి వెలుతురుకేసి పెట్టి, వేళ్ళు బహు నెమ్మదిగా విడదీయండి.

బొట్టు వెంటనే తెగదు. రెండు వేళ్ళనూ పట్టుకుని సాగుతుంది. సాగినకొద్దీ దాని నడుము సన్నబడి, బుడబుక్కలవాడి డమరుకం ఆకారం వస్తుంది. వేళ్ళు మూడు నాలుగు మిల్లీమీటర్లు విడిపోయేసరికి, చటుక్కున నడుము తెగుతుంది. కొంత నీరు పైవేలికీ, కొంత కిందవేలికీ పోతుంది.

ఇందులో ఒక వింత ఉన్నది. తాడును లాగి తెంపుతున్నామనుకోండి. తెగబోయే ముందు లాగటం మానేస్తే తాడు తెగదు. నీటి వంతెన అలా కాదు. ఒక హద్దు దాకా వేళ్ళు ఎక్కడ ఆపితే అక్కడ బుద్ధిగా నిలుస్తుంది. ఆ హద్దు దాటిందా, మీరు వేళ్ళు కదపకుండా ఉన్నా సరే, తనంతట తానే తెగిపోతుంది. అంటే దాన్ని తెంపినది మీ వేళ్ళు కాదు. తెంపేశక్తి దానిలోనే ఉన్నది. మరి అదే శక్తి హద్దుకు ఇవతల దాన్ని ఎందుకు తెంపలేదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు నీటి ఉపరితలం సంగతి తెలియాలి. నీటి అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. నీటి లోపల ఉన్న అణువుకు అన్ని పక్కలా పొరుగువాళ్ళుంటారు గనక అది ఎటూ మొగ్గదు. ఉపరితలంలో ఉన్న అణువుకు గాలివైపు పొరుగువాళ్ళు లేరు. అందుచేత ఉపరితలం ఎప్పుడూ ముడుచుకుని, తన వైశాల్యం తగ్గించుకోవాలని చూస్తుంది. నీటికి సాగదీసిన రబ్బరు తొడుగు వేసినట్టు ఉంటుందన్నమాట. ఈ బిగువుకే తలతన్యత అని పేరు. నీటి ఉపరితలం మీద ఒక సెంటీమీటరు గీత గీశామనుకుంటే, ఆ గీతకు అటూ ఇటూ లాగే బలం సుమారు 73 మిల్లీగ్రాముల బరువుకు సమానం. అంటే మూడు నాలుగు బియ్యపు గింజల బరువు! ఇంత కొంచెం బలం ఏం చెయ్యగలదని చప్పరించెయ్యకండి.

రెండు వంపుల పోరు

బిగువుగా ఉన్న తొడుగు వంగితే ఏమవుతుంది? బుడగలాగా బయటికి ఉబ్బి ఉంటే, అది లోపలి ద్రవాన్ని నొక్కుతుంది. గిన్నెలాగా లోపలికి గుంట పడి ఉంటే, లోపలి ద్రవాన్ని బయటికి గుంజుతుంది. వంపు ఎంత ఎక్కువైతే ఈ నొక్కుడూ, ఈ గుంజుడూ అంత ఎక్కువ. ఇంగ్లండులో థామస్ యంగ్ 1805లోనూ, ఫ్రాన్సులో లాప్లాస్ 1806లోనూ ఈ నియమాన్ని ప్రకటించారు.

ఇప్పుడు మీ వేళ్ళ మధ్య ఉన్న డమరుకాన్ని మళ్ళీ చూడండి. దానికి ఒక వంపు కాదు, రెండు వంపులున్నాయి. నడుము చుట్టూ తిరిగి వచ్చే వంపు ఒకటి. అది ఒడ్డాణంలాగా నడుమును బిగించి, అక్కడి నీటిని బయటికి తోసెయ్యాలని చూస్తుంది. పైవేలి నుంచి కిందవేలికి దిగే వంపు రెండోది. అది గుంట వంపు. నీటిని నడుము వైపు గుంజుతుంది. ఒకటి తెంపాలని చూస్తుంది, రెండోది నిలపాలని చూస్తుంది. నీటి వంతెన కథ అంతా ఈ రెండు వంపుల పోరే.

వంతెన పొట్టిగా ఉన్నదనుకోండి. ఏ కదలికవల్లనో నడుము కాస్త సన్నబడింది. వంతెన పొట్టిది గనక ఆ కొద్ది దూరంలోనే ఉపరితలం బాగా వంగవలసి వస్తుంది. గుంట వంపు బలపడి, నీటిని నడుములోకి తిరిగి లాక్కొస్తుంది. వంతెన కుదుటపడుతుంది.

వంతెన పొడుగుగా ఉంటే కథ తారుమారవుతుంది. అంత పొడుగునా నడుము కొంచెం సన్నబడినా నిలువు వంపు పెద్దగా పెరగదు. కాని నడుము చుట్టూ ఉన్న ఒడ్డాణం మాత్రం బిగుసుకుంటుంది. అది నీటిని బయటికి తోస్తుంది. నీరు పోయినకొద్దీ నడుము ఇంకా సన్నబడుతుంది. సన్నబడినకొద్దీ ఒడ్డాణం ఇంకా బిగుస్తుంది. అసలే లేనివాడి దగ్గర లాక్కుని ఉన్నవాడికి పెట్టినట్టు, సన్నని చోటి నీరంతా లావు చోటికి పోయి చేరుతుంది. ఇక ఆపటం ఎవరి తరమూ కాదు.

అయితే పొట్టికీ పొడుగుకూ హద్దు ఎక్కడ? దీన్ని కనిపెట్టిన మహానుభావుడి కథ వినవలసినదే.

చూపులేని శాస్త్రజ్ఞుడు

ఆయన పేరు జోసెఫ్ ప్లాటో. గ్రీకు తత్వవేత్త ప్లేటో వేరు, ఈయన వేరు. ఈయన 1801లో బెల్జియం దేశంలోని బ్రసెల్సు నగరంలో పుట్టాడు. గెంట్ నగరంలోని విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పని చేశాడు. తిరిగే పళ్ళెం మీద వరసగా బొమ్మలు గీసి, అవి కదులుతున్నట్టు కనిపించేటట్టు చేసే ఆటవస్తువును 1832లో తయారు చేసినది ఈయనే. తరవాత వచ్చిన సినిమాకు అది ముత్తాతవంటిది.

లోకానికి కదిలే బొమ్మలు చూపించిన ఆ మనిషికి 1843 నాటికి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. అప్పటికి ఆయన వయసు నలభై రెండేళ్ళు. కాని ఆయన ప్రయోగాలు మానలేదు. ఏ పాత్రలో ఏం పొయ్యాలో, ఏది ఎంత విడదీయాలో ఆయన ఆలోచించి చెప్పేవాడు. ఇంట్లోవాళ్ళూ, శిష్యులూ, తోటి ఆచార్యులూ చేసి చూసి, కనిపించినది కనిపించినట్టు ఆయనకు వివరించేవారు. ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేసి, దాన్ని మనసులో చూసేవాడు. ఇలా నలభై ఏళ్ళు, 1883లో చనిపోయేదాకా, శాస్త్రంలోనే గడిపాడు. ద్రవాల ఆకారాలను గురించి 1873లో ఆయన ప్రకటించిన రెండు సంపుటాల గ్రంథాన్ని ఇప్పటికీ శాస్త్రజ్ఞులు గౌరవంతో తలుచుకుంటారు.

ద్రవపు వంతెనను పరిశీలించాలంటే ఒక పెద్ద చిక్కు ఉన్నది. అది బరువు. పెద్ద వంతెన కడితే ద్రవం తన బరువుకు తానే కిందికి జారుతుంది. వంతెనను పొడవులోనూ లావులోనూ రెండింతలు చేస్తే, అందులో నీరు ఎనిమిదింతలవుతుంది. దాన్ని పట్టుకునే ఉపరితలపు లాగుడు మాత్రం రెండింతలే అవుతుంది. అందుకే వేళ్ళ మధ్య బొట్టు నిలుస్తుంది గాని, రెండు పళ్ళాల మధ్య చెంబెడు నీళ్ళు నిలవవు.

ప్లాటో ఈ చిక్కును ఎంత చక్కగా విప్పాడో చూడండి. ఆలివ్ నూనె నీటిలో తేలుతుంది; ఆల్కహాలులో మునుగుతుంది. నీటినీ ఆల్కహాలునూ తగు పాళ్ళలో కలిపితే, నూనె తేలదు, మునగదు. త్రిశంకు స్వర్గంలాగా మధ్యలో ఆగిపోతుంది. బరువు అనేది ఉన్నా లేనట్టే. అలా వదిలిన నూనె చక్కని గుండ్రని బంతి అయింది. రెండు లోహపు బిళ్ళల మధ్య ఆ నూనెను నిలిపి, బిళ్ళలను దూరం చేస్తూ పోతే, పెద్ద వంతెన సావకాశంగా చూడటానికి దొరికింది.

వంతెన పైనుంచి కిందిదాకా ఒకే లావు ఉండేటట్టు నూనె పోశారు. అంటే రోలర్ ఆకారం అన్నమాట. పొడవు వ్యాసానికి రెట్టింపు ఉన్నప్పుడు అది నిలిచింది. రెండున్నర రెట్లున్నా నిలిచింది. మూడు రెట్లు దాటి కొంచెం ముందుకు పోయేసరికి ఒకవైపు సన్నబడింది, రెండోవైపు ఉబ్బింది, తెగిపోయింది.

మూడు దాటి కొంచెం! ఈ సంఖ్య మీకు ఎక్కడైనా తగిలిందా? లెక్కల పుస్తకం తీయండి. ఏ వృత్తానికైనా చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు. ప్లాటో తేల్చిన నియమం ఇదే: ద్రవపు రోలర్ తన చుట్టుకొలతకంటె పొడుగు కాకుండా ఉన్నంతవరకే నిలుస్తుంది. దాటితే తెగుతుంది. నీరైనా, నూనె అయినా, కరిగిన లోహమైనా, హద్దు ఒకటే.

అంటే దీన్ని కొలవటానికి ఒక దారం చాలు. వంతెన నడుము చుట్టూ ఒకసారి తిరిగిన దారాన్ని విప్పి, వంతెన పక్కన నిలబెట్టామనుకోండి. వంతెన దారంకంటె పొట్టిదైతే దానికి ఆయుష్షు ఉన్నది. పొడుగైతే లేదు. కళ్ళులేని మనిషి ఇంత చక్కని నియమాన్ని వెలికి తీశాడు!

బిళ్ళలను అంటిపెట్టుకున్న, ఒకే లావున్న వంతెనకు ఇది కచ్చితమైన హద్దు. మీ వేళ్ళ మధ్య బొట్టులాగా ద్రవం తక్కువై నడుము మొదటే చిక్కి ఉంటే, వంతెన ఇంకా ముందే తెగుతుంది.

కుళాయి ధార, పాకపు తీగ

కుళాయిని సన్నగా తిప్పి చూడండి. పైన గాజుకడ్డీలాగా నున్నగా ఉన్న ధార కిందికి వచ్చేసరికి బొట్లు బొట్లుగా విడిపోతుంది. ఇదీ ప్లాటో నియమమే. ధార పొడవు దాని చుట్టుకొలతకంటె ఎన్నో రెట్లెక్కువ. అది నిలవటానికి వీల్లేదు.

ఎన్ని బొట్లుగా విడిపోతుంది? దీన్ని 1870ల చివర ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు లెక్క కట్టాడు. ఆర్గాన్ వాయువును కనిపెట్టినందుకు 1904లో నోబెల్ బహుమానం పొందినది ఈయనే. సుమారుగా ధార వ్యాసానికి నాలుగున్నర రెట్ల దూరానికి ఒక్కొక్క బొట్టు వస్తుందని ఆయన లెక్క తేల్చింది. పెద్ద తరగతుల పిల్లలు ఈ లెక్క వేసి చూడండి: అంత ముక్క ధారను ఒక బంతిగా చేస్తే, దాని ఉపరితలం ధార ముక్క ఉపరితలంకంటె సుమారు అయిదోవంతు తక్కువ అవుతుంది. ముడుచుకోవాలని చూసే ఉపరితలానికి అది మంచి బేరం కదూ?

మరి పాకం తీగ అంత పొడుగు ఎలా సాగింది? నియమాన్ని ధిక్కరించిందా? లేదు. చిక్కని పాకంలో కదలిక మందం. ఒడ్డాణం బిగుస్తూనే ఉంటుంది గాని, పాకం నడుము వదిలి పోవటానికి చాలాసేపు పడుతుంది. మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల లావున్న నీటి తీగ తెగటానికి సెకండులో వందో వంతు పట్టటమే ఎక్కువ. పాకానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. పైగా ఈలోగా చల్లారి గట్టిపడుతుంది కూడాను. అమ్మ వేళ్ళతో చూసేది పాకం ఎంత చిక్కబడిందో అనేదే!

వేయి చిన్న వంతెనలు

ఇంతదాకా తెగటం గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు నిలవటం గురించి చూద్దాం. పొట్టి వంతెనలో గుంట వంపుదే పైచెయ్యి అన్నాం కదా? వంతెన మరీ పొట్టిదైతే ఆ గుంజుడు ఎంత ఉంటుంది?

రెండు గాజు పలకల మధ్య కాస్త నీరు వేసి అదిమితే, అవి ఊడిరావు. పలకల మధ్య సందు మిల్లీమీటరులో నూరోవంతు ఉన్నదనుకోండి. అప్పుడు నీరు వాటిని చదరపు సెంటీమీటరుకు సుమారు 147 గ్రాముల బలంతో కలిపి పట్టుకుంటుంది. పలక పది సెంటీమీటర్ల పొడవూ, పది సెంటీమీటర్ల వెడల్పూ ఉంటే, మొత్తం బలం 15 కిలోలకు దగ్గర. మూడు బియ్యపు గింజల బరువనుకున్న తలతన్యత ఎంత పని చేసిందో చూశారా? పక్కకు జరిపితే మాత్రం పలకలు సులువుగా విడిపోతాయి.

పిట్టగూడు కట్టటం మీకు తెలుసు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, అరచేత్తో తట్టి, పాదం మెల్లిగా తీసేస్తే గూడు నిలుస్తుంది. పొడి ఇసుకతో కట్టండి చూద్దాం! గింజ మీద గింజ జారిపోతుంది. తడి ఇసుకలో గింజకూ గింజకూ మధ్య బహు పొట్టి నీటి వంతెనలు ఏర్పడతాయి. గుప్పెడు ఇసుకలో అవి లక్షలు. ఒక్కొక్కటీ ఒక్కొక్క గింజను పొరుగు గింజకేసి గుంజుతుంది. అన్నీ కలిసి గూటి కప్పును మోస్తాయి.

అయితే నీళ్ళు ఎక్కువ పోస్తే గూడు ఇంకా గట్టిపడుతుందా? కూలిపోతుంది. సందులన్నీ నీటితో నిండితే, గింజల మధ్య గుంట వంపులే ఉండవు. గుంట లేకపోతే గుంజుడు లేదు. 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఇసుక స్తంభాలు కట్టి చూస్తే, ఇసుక పరిమాణంలో నూటికి ఒక వంతు నీరు ఉన్నప్పుడు అవి అన్నిటికంటె బలంగా ఉన్నాయి. సముద్రపు ఒడ్డున పిట్టగూళ్ళు కట్టే పిల్లలు అల మరీ దగ్గరగానూ కాక, మరీ దూరంగానూ కాక, మధ్య చోటు ఎంచుకుంటారు. వాళ్ళకు ఈ శాస్త్రం చేతుల్లోనే ఉన్నది.

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఒక చిన్న నీలి పెంకుపురుగు ఉన్నది. చీమలు మీదికి వస్తే అది పారిపోదు. పెంకును ఆకుకు ఆనించి అంటుకుపోతుంది. దాని పాదాలకు సుమారు 60,000 అంటుకునే వెంట్రుకలున్నాయి. వాటి కొసలను తడిపే నూనెవంటి ద్రవం ఆకుకూ పాదానికీ మధ్య వేలకు వేలు వంతెనలు కడుతుంది. తన బరువుకు సుమారు అరవై రెట్ల బలంతో లాగినా రెండు నిమిషాలపాటు అది ఊడి రాలేదని శాస్త్రజ్ఞులు 2000లో ప్రకటించారు. మరి నడిచేటప్పుడో? పాదాన్ని పూర్తిగా ఆనించదు. కొద్ది వెంట్రుకలే ఆనుతాయి. కట్టటమూ, తెంపటమూ రెండూ దానికి తెలుసు!

మనుషులు కూడా ఈ వంతెనను వాడుకుంటున్నారు. విద్యుత్ యంత్రాలలో వాడే అతి శుద్ధమైన సిలికాన్ కావాలంటే, సిలికాన్ కడ్డీని నిలబెట్టి, దాని చుట్టూ ఉన్న విద్యుత్ తీగచుట్టతో ఒకచోట మాత్రమే కరిగిస్తారు. సిలికాన్ కరగటానికి 1,414 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. కరిగిన భాగం పై కడ్డీకీ కింది కడ్డీకీ మధ్య వంతెనలాగా నిలుస్తుంది. దాన్ని ఏ పాత్రా తాకదు గనక ఏ మలినమూ అంటదు. ఆ వంతెనను కడ్డీ పొడవునా నడిపిస్తే, చాలా మలినాలను అది తనతోపాటు చివరికి ఊడ్చుకుపోతుంది. అది పొడుగై తెగితే పని అంతా పాడే. బరువు అడ్డురాని చోట ఇలాంటి వంతెనలు ఎలా నడుచుకుంటాయో చూడటానికి 1983 నవంబరులో కొలంబియా నౌకలో రోదసికి వెళ్ళిన స్పేస్‌లాబ్ ప్రయోగశాలలో ప్రయోగాలు చేశారు. నూనెను తేలకుండా మునగకుండా నిలిపి ప్లాటో చేసినదాన్నే మళ్ళీ అక్కడ చేశారన్నమాట.

ఏర్పడకూడని వంతెన

అన్ని వంతెనలూ మనకు మేలు చేసేవి కావు. మన ఊపిరితిత్తులలో గాలిగొట్టాలు చెట్టు కొమ్మలలాగా చీలి చీలి, చివరకు వెంట్రుకంత సన్ననివి అవుతాయి. వాటి లోపలి గోడలకు పలచని తడి ఉంటుంది. కుళాయి ధార బొట్లయినట్టే ఈ తడి కూడా అక్కడక్కడ పోగుపడాలని చూస్తుంది. తడి ఎక్కువైతే ఈ గోడనుంచి ఆ గోడకు వంతెన కడుతుంది. ఆ వంతెన గాలికి అడ్డుగోడ! గొట్టాల చివర ఉండే చిన్న గాలితిత్తులను కూడా తడి తాలూకు బిగువు ముడుచుకుపోయేటట్టు చేస్తుంది.

దీనికి విరుగుడుగా మన శరీరం సబ్బులాగా పని చేసే ఒక పదార్థాన్ని ఊపిరితిత్తులలో తయారు చేసుకుంటుంది. అది తలతన్యతను బాగా తగ్గిస్తుంది. బిడ్డ తల్లి కడుపులో ఉన్న చివరి వారాలలో గాని అది చాలినంత తయారు కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఎందుకు ఊపిరి అందక చనిపోతున్నారో చాలాకాలం తెలియలేదు. ఆ పదార్థం కొరతే కారణమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరు, జెరె మీడ్‌తో కలిసి, బయటపెట్టింది.

కారణం తెలిసింది గాని మందు లేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి నెలలు నిండకుండా పాట్రిక్ అనే కొడుకు పుట్టాడు. దేశాధ్యక్షుడి బిడ్డ అయినా డాక్టర్లు బతికించలేకపోయారు. రెండు రోజులకు చనిపోయాడు. 1980లో జపాన్ డాక్టరు తెత్సురో ఫుజివారా, ఆవు ఊపిరితిత్తులనుంచి తీసిన పదార్థంతో మందు తయారు చేసి, దాన్ని 10 మంది పసివాళ్ళ ఊపిరితిత్తులలోకి ఎక్కించి మంచి ఫలితం పొందాడు. ఈనాడు ప్రపంచమంతటా అలాంటి మందు వాడుతున్నారు. మీ తరగతిలోనే ఎవరైనా దానివల్ల ఊపిరి నిలబెట్టుకున్నవాళ్ళు ఉన్నా ఉండవచ్చు!

మీరు చేసి చూడండి

ఒకటి: సన్నని నైలాను దారాన్ని రెండు మేకుల మధ్య అడ్డంగా, బిగువుగా కట్టండి. వేలికి ఆముదం రాసుకుని దారం వెంట ఒకసారి పలచగా పూయండి. కాసేపు ఓపికగా చూస్తే, పూసిన ఆముదం తనంతట తానే వరస పూసలుగా విడిపోతుంది. పూసల మధ్య దూరం ఇంచుమించు సమానంగా ఉంటుంది. సాలెపురుగు గూటిలో జిగురు దారం మీద కనిపించే పూసలు కూడా ఇలా ఏర్పడేవే.

రెండు: వేళ్ళ మధ్య నీటి వంతెన తెగే దూరాన్ని స్కేలుతో కొలవండి. తరవాత సబ్బు నీటితో, ఆ తరవాత తేనెతో చేసి చూడండి. వేళ్ళు ఒకే వేగంతో విడదీయాలి సుమా! మూడు దూరాలూ పుస్తకంలో రాసుకోండి.

చివరగా ఒక చిన్న లెక్క. ఒక మిల్లీమీటరు లావున్న నీటి రోలర్ రెండు బిళ్ళల మధ్య ఎంత పొడవు దాకా నిలుస్తుంది? ఇది మీరు నోటితోనే చెప్పేస్తారు. మరి పది సెంటీమీటర్ల లావున్నది 31 సెంటీమీటర్ల పొడవు దాకా నిలవాలి కదా? మన ఇంట్లో ఎందుకు నిలవదు? ఎక్కడికి తీసుకుపోతే నిలుస్తుంది? జవాబు కావలసినవాళ్ళు ప్లాటో నూనె బంతిని ఇంకొకసారి తలుచుకోండి.